అనకూడని ఐదు మాటలు

కొత్త ఆట పెట్టె మూత నమూనా సోమవారం పొద్దున్నే వచ్చింది. మాటలమ్మ ఇంకా చేతిసంచీ కుర్చీకి తగిలించను కూడా లేదు, మిషన్ అన్న తడి ఆరని కాగితాన్ని రెండు చేతుల్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చి ఆమె బల్ల మీద పరిచాడు. "రంగులు చూసి చెప్పమన్నారు సారు" అనేసి కిందికి వెళ్ళిపోయాడు. అచ్చు మిషన్ దగ్గర పనిచేసే మనిషికి మాటలు పొదుపు. ఆ చప్పుడులో ఎవరికి వినపడతాయి గనక?

రంగులు బాగానే ఉన్నాయి. పసుపు మీద ఎర్రటి అక్షరాల్లో 'నోరు జాగ్రత్త' అని ఆట పేరు. దాని కింద నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్ళు ఇంతలేసి చేసుకున్న ఆడమనిషి బొమ్మ. 'ఇంటిల్లిపాదికీ మాటల ఆట' అని ఇంకో వరస. అన్నిటికన్నా కింద, కుడివైపు మూల, చీమ తలకాయంత అక్షరాల్లో 'రూపకల్పన' అని, పక్కన ఓనరుగారి అల్లుడి పేరు.

మాటలమ్మ రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివింది. ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఒళ్ళు మండింది. అల్లుడుగారు ఈ కంపెనీలో అడుగుపెట్టి నాలుగు నెలలు కాలేదు. తను వచ్చి ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళలో తొమ్మిది ఆటలు రాసింది. అన్నీ మాటల ఆటలే. ఏ పెట్టె మీదా ఆమె పేరు లేదు. ఎవరి పేరూ వెయ్యరు కాబట్టి ఇన్నాళ్ళూ సర్దుకుపోయింది. ఇప్పుడు పేరు వెయ్యడమంటూ మొదలుపెట్టి, ఆ మొదటి పేరు అల్లుడుగారిది వేస్తే మండదూ మరి?

ఆట తేలికే. కార్డు పైన ఒక మాట ఉంటుంది. కార్డు పట్టుకున్నవాళ్ళు ఆ మాట తాము అనకుండా అవతలివాళ్ళ చేత అనిపించాలి. కిందే ఇంకో ఐదు మాటలుంటాయి, అవీ అనకూడదు. వేలు చూపించకూడదు, సైగలు చెయ్యకూడదు. ఇసుక గడియారం తిరగేసి పెడతారు, నిమిషమే టైము. ఆట మొత్తం ఆ కింది ఐదు మాటల్లోనే ఉంది. ఏ మాట ముందుగా నోటికొస్తుందో పట్టుకుని సరిగ్గా దాన్నే కట్టెయ్యాలి. ఒంటరిగా కూర్చుని రాస్తే అవి రావు, పుస్తకాల మాటలొస్తాయి. మొదటి ఆటకి అలాగే రాసి ఆమె చేతులు కాల్చుకుంది. అప్పట్నుంచీ పద్ధతి మార్చింది. మధ్యాహ్నం భోజనాల వేళకి నోటుపుస్తకం పట్టుకుని కిందికి దిగుతుంది. ప్యాకింగ్ బల్ల దగ్గర ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుని ఒక మాట అంటుంది. వాళ్ళ నోళ్ళలోంచి ముందుగా రాలిన ఐదు మాటలు రాసుకుంటుంది. అవే కార్డు మీదకి ఎక్కుతాయి. మాటలమ్మ అని పేరు పెట్టింది కూడా ఆ బల్ల దగ్గరవాళ్ళే.

ఆ రోజూ దిగింది. బల్ల మీద పాత ఆటొకటి మళ్ళీ అచ్చయి వచ్చి కుప్పలు కుప్పలుగా ఉంది. పెద్దక్క కార్డుల కట్ట ఎడంచేత్తో విసనకర్రలా విప్పి, బొటనవేలితో ఐదేసి చొప్పున తోస్తూ, ఎటో చూస్తూ యాభై లెక్కపెట్టేసింది. అంచులు బల్లకేసి నాలుగు వైపులా తట్టి, చుట్టూ కాగితం పట్టీ వేసి పక్కకి పెట్టింది. ఆ బల్లకి ఆమే పెద్ద. వయసులోనూ పెద్దే. ఆమెకి ఎదురుగా కూర్చునేది కత్తెర. చేతిలో కత్తెర ఉండబట్టి రాలేదు ఆ పేరు, నోట్లో ఉండబట్టి వచ్చింది. ఆ చివర బుజ్జి, పనిలో చేరి రెండేళ్ళయింది. ఎవరైనా నవ్వితే తప్ప తను నవ్వదు.

"గురక" అంది మాటలమ్మ, డబ్బా మూత తీస్తూ.

"అబ్బబ్బ, మొదలెట్టావూ? ముద్ద గొంతు దిగనివ్వవు కదా" అంది కత్తెర. అని ఊరుకుంటే ఆమె కత్తెరెందుకవుతుంది? "మొగుడు" అంది వెంటనే.

బల్ల గొల్లుమంది. బుజ్జికి పొలమారింది.

"నిద్ర" అంది బుజ్జి దగ్గు ఆపుకుంటూ.

"ముక్కు. చప్పుడు" అంది పెద్దక్క. "పక్కకి తిరిగి పడుకో అంటాం చూడు, ఆ పక్కకి తిరగడం కూడా వేసుకో."

మాటలమ్మ ఐదూ రాసుకుని 'మొగుడు' కింద రెండు గీతలు గీసింది. ఇలాంటి మాట దొరికిన రోజు ఆమెకి కడుపు నిండిపోతుంది. ఆ రోజు మాత్రం నిండలేదు.

"ఏంటి మొహం అలా ఉంది?" అంది పెద్దక్క. ఆమె దగ్గర ఏదీ దాగదు.

మాటలమ్మ చెప్పింది. నలభై మూడేళ్ళ మనిషి నలుగురిలో ఏడిస్తే బాగుండదని నీళ్ళు తాగింది.

"ఇదెక్కడి అన్యాయమే తల్లీ!" అని కత్తెర డబ్బా పక్కకి నెట్టేసింది. "రోజూ చూస్తున్నాంగా, నువ్వు పుస్తకం పట్టుకుని చచ్చేది. నిన్నగాక మొన్నొచ్చిన ఆయన పేరా?"

"వెళ్ళి అడుగు" అంది పెద్దక్క. "నోరు మూసుకుని కూర్చుంటే ఇంతే. అడిగితే ఏం చేస్తారు, కొరుక్కుతింటారా?"

*

ఓనరుగారు కొరుక్కుతినే మనిషి కాదు. మెత్తగా మాట్లాడి పంపేసే మనిషి. ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే విన్నారు.

"పేరుదేముందమ్మా" అన్నారు. "కుర్రవాడు, నలుగురిలో తిరుగుతాడు, షాపులవాళ్ళకి తెలుస్తాడు. నువ్వంటావా, నువ్వు మా ఇంటిమనిషివి. ఇంటిమనిషికి పేరెందుకు?"

"అల్లుడుగారూ ఇంటిమనిషే కదా సార్" అనేసింది మాటలమ్మ.

అప్పుడు తల ఎత్తారు. "చూద్దాం. బుధవారం ట్రయల్ ఉందిగా" అన్నారు. "మావాడూ ఓ యాభై కార్డులు రాశాడు. నీవీ వాడివీ కలిపి ఆడిద్దాం. ఎవరివి బాగా ఆడితే పేరు వాళ్ళది."

ఇంటికొచ్చేసరికి కాళ్ళు పీకుతున్నాయి. భర్త అప్పటికే వచ్చి, కిరోసిన్‌తో చేతుల జిడ్డు వదిలించుకుంటున్నాడు. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. జరిగింది విని, గోళ్ళ సందులు తోముకుంటూ, "లిఫ్టులో నా పేరు రాసుకుంటున్నానా నేను?" అన్నాడు.

"లిఫ్టు ఎక్కినవాళ్ళు ఎవరు బాగుచేశారని అడగరండీ. ఇది వేరు."

"ఏం వేరు?"

మాటలమ్మ వంటింట్లోకి వెళ్ళింది. కూతురు అక్కడే గట్టు మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. కిందటేడు బడిలో 'మా అమ్మ ఆటలు రాస్తుంది' అని చెప్పి, పెట్టె తీసుకెళ్ళి చూపించి, పేరేదని అందరూ అడిగితే మొహం చిన్నబుచ్చుకుని వచ్చిన పిల్ల. అప్పట్నుంచీ మళ్ళీ ఆ సంగతి బడిలో ఎత్తలేదు.

"అమ్మా, ఈసారైనా వేస్తారా?" అంది తల ఎత్తకుండా.

"చూద్దాం" అంది మాటలమ్మ. ఓనరుగారి మాట తన నోట్లోంచి రావడం ఆమెకే నచ్చలేదు.

*

బుధవారం ట్రయల్‌కి ఎదురు వీధిలోంచి ఒక కుటుంబం వచ్చింది. అమ్మమ్మ, కూతురు, అల్లుడు, ఇద్దరు మనవలు. గంటసేపు ఆడిపెడితే ఒక పెట్టె ఉచితం. పైగదిలో కుర్చీలు గుండ్రంగా వేశారు. కార్డులన్నీ చేత్తో రాసినవే. మాటలమ్మ పెన్సిల్ పట్టుకుని గోడవారగా కూర్చుంది. కార్డు ఎంతసేపు నిలిచింది, ఎప్పుడు నవ్వారు, ఎప్పుడు ఆవలించారు, అన్నీ రాసుకోవడం ఆమె పని. ఓనరుగారు కిటికీ దగ్గర, ఆయన పక్కన అల్లుడుగారు. పాపం, ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ వచ్చారు.

ముందు వచ్చింది అల్లుడుగారి కార్డే. పైన 'గొడుగు'. కింద ఛత్రం, ఆచ్ఛాదన, పరికరం, వాతావరణం, ఋతువు. అమ్మమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని ఐదూ చదివి, వీటిలో ఒక్కటీ తన జన్మలో అనలేదన్నట్టు మొహం పెట్టి, "వానొస్తే?" అంది.

"గొడుగు!" అన్నారు పిల్లలిద్దరూ.

గడియారంలో ఇసుక ఇంకా గొంతులోంచి దిగనే లేదు. తర్వాతదీ అంతే, ఆ తర్వాతదీ అంతే. కష్టమైన మాటలు కట్టేసి తేలికైన మాటలన్నీ వదిలేశారు అల్లుడుగారు. ఆయన్ని అని లాభం లేదు, నాలుగు నిఘంటువులు ముందేసుకుని నెలరోజులు కష్టపడ్డారు. ఎనిమిదేళ్ళ కింద తనూ అదే చేసింది. ఐదు కార్డులయ్యేసరికి చిన్న మనవడు కుర్చీ కింద దూరాడు.

అప్పుడు 'తువ్వాలు' వచ్చింది. స్నానం, తుడుచుకోవడం, తడి, ఒళ్ళు, గుడ్డ, అన్నీ కట్టేసి ఉన్నాయి. అమ్మమ్మ నోరు తెరిచింది, మూసింది. "అదే... బయటికొచ్చాక... అబ్బా, అది అనకూడదా? మీ నాన్న... వాడేసి మంచం మీద పడేస్తాడు చూడు, మీ అమ్మ రోజూ తిడుతుంది..."

"తువ్వాలు!" అని అరిచింది పెద్ద మనవరాలు. వాళ్ళ నాన్న నెత్తి కొట్టుకున్నాడు. కుర్చీ కింది పిల్లాడు బయటికొచ్చాడు.

ఆ తర్వాత 'గురక'. ఈసారి కార్డు కూతురి చేతిలో పడింది. ఆమె ఐదు మాటలూ చదువుకుంటూ వచ్చి 'మొగుడు' దగ్గర ఫక్కున నవ్వింది. భర్త వైపు చూసి, నవ్వు ఆపుకోలేక, మళ్ళీ చూసి, "వేలు చూపించొచ్చా?" అంది. చూపించకూడదన్నారు. "మరెలా చెప్పను, ఇంకేముంది చెప్పడానికి?" అని కార్డు ఒళ్ళో పడేసి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. అందరికీ అంటుకుంది. ఓనరుగారు కిటికీ పట్టుకుని నవ్వారు. ఆయన అంత నవ్వగా మాటలమ్మ ఎప్పుడూ చూడలేదు.

కుటుంబం వెళ్ళిపోయాక ఆయన ఆ కార్డు చేతిలోకి తీసుకుని, కళ్ళు తుడుచుకుంటూ, "ఈ 'మొగుడు' అన్న మాట ఎలా తట్టిందమ్మా నీకు?" అన్నారు.

"తట్టింది సార్" అంది మాటలమ్మ.

"నాలుగు వందల కార్డులు! అన్నీ నువ్వే రాశావా, ఎవరైనా సాయం చేశారా?"

ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణంలో ఆమెకి నోటుపుస్తకం గుర్తొచ్చింది, బల్ల గుర్తొచ్చింది. పక్కనే అల్లుడుగారు నిలబడి ఉన్నారు. ఎవరైనా ఉన్నారంటే పేరు ఎవరిదని మళ్ళీ మొదటికొస్తుంది. ఇంతదాకా వచ్చింది చేజారిపోతుంది.

"నేనే సార్" అంది. "ఒక్కదాన్నే."

గుమ్మం దగ్గర అలికిడైంది. ఇసుక గడియారాల పళ్ళెం రెండు చేతుల్తో పట్టుకుని పెద్దక్క నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. మాటలమ్మ మొహం వైపు చూడలేదు.

"ఈ గడియారాలు సార్" అంది, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే. "సగానికి సగం నలభై సెకన్లకే అయిపోతున్నాయి. వేరు చెయ్యమంటారా?"

"వేరు చెయ్యి, వేరు చెయ్యి" అన్నారు ఓనరుగారు. మాటలమ్మ వైపు తిరిగి, "మూత మీద ఒకటే వరసకి జాగా ఉంది. నీ పేరే వేయిస్తాను. సంతోషమేనా?" అన్నారు.

మెట్ల మీద అల్లుడుగారు ఎదురయ్యారు. "ఒక్కరే రాశారంటే నమ్మలేకపోతున్నానండీ" అన్నారు. మాటలో వెటకారం లేదు. "యాభైకే నాకు తల ప్రాణం తోకకొచ్చింది."

"అదే వస్తుందిలెండి మెల్లగా" అంది మాటలమ్మ, గబగబా దిగిపోతూ.

ఇంట్లో చెబితే కూతురు ఆమె మెడ పట్టుకుని ఊగింది. వెంటనే స్నేహితురాలికి ఫోన్ చేసి, పేరు ఎక్కడ ఉంటుందో, ఎంత ఉంటుందో, ఏ రంగులో ఉంటుందో అంతా చెప్పింది. భర్త తను గెలిచినట్టు మొహం పెట్టుకుని రెండోసారి వడ్డించుకున్నాడు. మాటలమ్మకి మాత్రం ఆకలి లేదు. పెద్దక్క వినలేదేమో అనుకుంది. విన్నా పట్టించుకోదేమో అనుకుంది. వాళ్ళకి ఇదంతా భోజనాలప్పుడు కాలక్షేపమేగా అని కూడా అనుకుంది. ఎన్ని అనుకున్నా ముద్ద దిగలేదు.

*

గురువారం పొద్దున కొత్త నమూనా చూపించి ఓనరుగారు సంతకం పెట్టించుకున్నారు. మూల, చీమ తలకాయంత అక్షరాల్లో, ఆమె పేరు. ఆమె అనుకున్నంతగా ఏమీ అనిపించలేదు. ఆయన ఇంకో పని కూడా అప్పజెప్పారు. చిన్నపిల్లలకో పెట్టె, రెండు వందల మాటలు, ఆరు వారాల్లో. దాని మీదా ఆమె పేరే.

మధ్యాహ్నం కిందికి దిగింది. అచ్చు మిషను పొద్దుట్నుంచీ ఆడుతూనే ఉంది. ఏ పనో ఆమె అడగలేదు. బల్ల దగ్గర పెద్దక్క జరిగి చోటిచ్చింది.

"పేరు వేస్తున్నారటగా" అంది కత్తెర.

"ఆఁ."

"మంచిది" అంది కత్తెర. అంతే. కత్తెర ఒక్క మాటతో ఆగడం ఆ బల్ల ఎరగదు.

బుజ్జి డబ్బా పక్కన పెట్టుకుని ఇసుక గడియారాలు ఒక్కొక్కటే తిరగేసి చూస్తోంది. నలభై సెకన్లవి ఒక వైపు, నిమిషానివి ఒక వైపు. మాటలమ్మ కాసేపు అది చూసి, నోటుపుస్తకం తెరిచింది.

"దుప్పటి" అంది.

కత్తెర నములుతూ పైకప్పు చూసింది.

"దుప్పటి" అంది మళ్ళీ.

"మా చిన్నప్పుడు ఒకటుండేది" అంది పెద్దక్క చివరికి. "నలుగురికీ కలిపి ఒకటే."

మాటలమ్మ పెన్ను మూత తీసింది. అందులో రాసుకునే మాటేదీ లేదు. ఆగింది.

"సరిపోయేదా?" అడిగింది బుజ్జి.

"ఎందుకు సరిపోదు? దగ్గర దగ్గరగా జరిగితే సరిపోయేది. హాయిగా ఉండేది."

"మరేమైంది?" అంది కత్తెర, ఏమీ ఎరగనట్టు.

"ఒకావిడ మొత్తం తన వైపు లాగేసుకుంది."

"అయ్యో రాత! ఆవిడకేమైనా ఒంట్లో బాగాలేదా?"

"శుభ్రంగా ఉంది. ఎవరో పెద్దమనిషి వచ్చి, ఇది ఎవరిదమ్మా అని అడిగాడు. అడగ్గానే లాగేసుకుంది."

"నువ్వు గొడవ చెయ్యలేదూ?"

"గొడవేం చేస్తాను? చేతిలో సామానుంది. నిలబడి చూశాను."

పెన్ను అలాగే గాలిలో ఉండిపోయింది. దుప్పటి అంటే చలి అనాలి. కప్పుకోవడం అనాలి, మంచం అనాలి, పడుకోవడం అనాలి, మడత అనాలి. ఈ ముగ్గురి నోళ్ళలోంచి ఆ మాటలు అడక్కుండానే రాలిపడతాయి. ఇంతసేపూ దుప్పటి గురించే మాట్లాడారు, ఒక్కటీ పడలేదు. పడకపోవడం కాదు, వీళ్ళు పడనివ్వడం లేదు. మాటలమ్మకి అప్పుడు అర్థమైంది. వాళ్ళు ఆడుతున్నారు. కార్డు వాళ్ళ చేతిలో ఉంది. అనాల్సిన మనిషి తను.

నవ్వేసి లేచి వెళ్ళిపోవచ్చు. అర్థం కానట్టు నటించొచ్చు. బుజ్జి ఇంకో గడియారం తిరగేసి బల్ల మీద పెట్టింది. ఈసారి దాన్ని చూడకుండా మాటలమ్మని చూసింది.

"పెద్దక్కా" అంది మాటలమ్మ.

"ఊఁ."

"సారు అడిగితే నేనొక్కదాన్నే రాశానని చెప్పాను. అబద్ధం చెప్పాను. 'గురక'లో 'మొగుడు' కత్తెరది. 'తువ్వాలు' మొత్తం నీదే. నాలుగు వందల కార్డుల్లో కింది మాటలన్నీ మీవే. పైనున్న మాట ఒక్కటే నాది."

"హమ్మయ్య!" అంది కత్తెర. "చెవుడున్న మా అత్తగారి చేతైనా ఇంతకన్నా తొందరగా అనిపిద్దునే తల్లీ."

బుజ్జి నవ్వబోయి పెద్దక్కని చూసి మానేసింది. పెద్దక్క నవ్వలేదు. మెతుకులు ఒక్కొక్కటే డబ్బా అంచుకి చేరుస్తోంది.

"మేం పేరు అడిగామా నిన్ను?"

"లేదు."

"అడిగే ఆలోచనైనా లేదు మాకు. నీకు అన్యాయం జరిగిందని సోమవారం ఇంటికెళ్ళి నేను సరిగ్గా తినలేదు. తెలుసా? వెళ్ళి అడగమని నిన్ను తోసింది మేము. అడిగి తెచ్చుకున్నావు, బాగుంది. మమ్మల్ని లేకుండా చెయ్యడం ఎందుకు?"

"పోతుందేమోనని భయమేసింది పెద్దక్కా" అంది మాటలమ్మ. ఇంతకన్నా గొప్ప కారణమేదైనా దొరుకుతుందేమోనని వెతికింది. దొరకలేదు. కూతురు ఫోన్‌లో చెప్పిన మాటలన్నీ చెవుల్లో వినిపించాయి. "పైకెళ్ళి చెప్పేస్తాను."

"నీ ఇష్టం" అంది పెద్దక్క. "మా కోసమైతే అక్కర్లేదు."

*

ఓనరుగారు టీ తాగుతూ మొత్తం విన్నారు. కోప్పడతారేమో అనుకుంది. కోప్పడితేనే బాగుండేది.

"ఓసి పిచ్చిదానా" అన్నారు. "మాటలు గాలిలో ఉంటాయి, ఎవరు అంటే ఏం? పట్టుకుని రాసినవాళ్ళదే రాత. అయినా ఇప్పుడా చెప్పేది? పొద్దున్నే మిషన్ ఎక్కించేశాం. మూడు వేల మూతలూ అయిపోవచ్చాయి."

అప్పుడు తెలిసింది ఆమెకి, పొద్దుట్నుంచీ ఆడుతున్న మిషను దేన్ని అచ్చేస్తోందో.

"మళ్ళీ అచ్చేసేటప్పుడైనా వాళ్ళ పేర్లు వెయ్యండి సార్. కావాలంటే నాది తీసెయ్యండి."

"తియ్యడమెందుకు? బొమ్మ కాస్త పైకి జరిపితే ఇంకో వరస పడుతుంది." ఆయన ఒక చీటీ ముందుకి లాక్కున్నారు. మెత్తని మనిషి, పోయేదేమీ లేనప్పుడు కాదనరు. పెన్ను తీసుకుని, "చెప్పు, రాసుకుంటాను. ఎవరెవరు?" అన్నారు.

"పెద్దక్క..." అంది మాటలమ్మ.

"పెట్టె మీద పెద్దక్క అని వేస్తామటమ్మా? పేరు చెప్పు."

మాటలమ్మ నోరు తెరిచింది. ఆయన పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఆమెకి పెద్దక్క మోకాలినొప్పి తెలుసు. ఏ పూట ఏ మాత్ర వేసుకుంటుందో తెలుసు. కత్తెర అత్తగారికి ఏ చెవి వినపడదో తెలుసు. బుజ్జి కలిసి అన్నం తినడానికి ఎన్నాళ్ళు సిగ్గుపడిందో తెలుసు. ఏడెనిమిదేళ్ళు ఒకే బల్ల దగ్గర తింది. ప్రపంచంలో ఉన్న మాటలన్నీ పట్టుకెళ్ళి వాళ్ళ ముందు పెట్టి, దీన్ని ఏమంటారు, దీన్ని ఏమంటారు అని అడిగింది. ఈ ఒక్కటీ అడగలేదు.

"నన్నడిగితే నాకూ తెలియదు" అన్నారు ఓనరుగారు, పెన్ను మూత పెట్టేస్తూ. "వాళ్ళంతా కాంట్రాక్టరు మనుషులు. కనుక్కురా, తొందరేం లేదు."

ఆమె చీటీ తీసుకుని దిగింది. మెట్లు చాలా ఉన్నాయనిపించింది. కింద భోజనాలు అయిపోయాయి. మొదటి కట్ట మూతకాగితాలు అప్పుడే బల్ల మీదకి వచ్చాయి. బుజ్జి జిగురు రాసి అందిస్తోంది. కత్తెర అట్టమూత మీద కాగితం మూలకి మూల సరిచూసి వేస్తోంది. పెద్దక్క చెక్కపుల్లతో మధ్యలోంచి అంచులకి ఒత్తుతూ గాలి బుడగలు బయటికి తోస్తోంది. ఒత్తిన మూతలు పసుపుపచ్చగా పక్కన పేరుతున్నాయి. ప్రతిదాని మీదా, కుడివైపు మూల, అదే పేరు. ఇంకో పదిరోజులు వాళ్ళ చేతుల కిందనుంచి వెళ్ళేది అదే.

మాటలమ్మ బల్ల చివర నిలబడింది.

"పెద్దక్కా" అంది. "నీ పేరేంటి?"

మిషన్ చప్పుడులో వినపడలేదేమో, పెద్దక్క ఇంకో మూత తీసుకుంది. మాటలమ్మ దగ్గరికి వెళ్ళి మళ్ళీ అడిగింది. ఈసారి చెక్కపుల్ల ఆగింది.

"ఏ పేరు?" అంది పెద్దక్క.

"నీ పేరు. అసలు పేరు."

కత్తెర చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. పెద్దక్క మాటలమ్మ చేతిలోని చీటీ చూసింది, పెన్ను చూసింది. వేళ్ళకంటిన జిగురు బల్ల అంచుకి తుడిచి, ఇంకా పోలేదని కొంగుకి తుడిచి, చెప్పింది. ఎన్నాళ్ళుగానో ఎవరూ పిలవని పేరేమో, రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. మాటలమ్మ రాసుకుని, తప్పుంటే చెప్పమని చీటీ ఆమె ముందుకి జరిపింది. పెద్దక్క దాన్ని చేతిలోకి తీసుకోలేదు, జిగురంటుతుందని. వంగి, దగ్గరగా, చాలాసేపు చూసింది.